దుమ్ముపాఠం ఒప్పుకోని ఉమ్మడి కొట్టు

నమోదు 301

గనిలోకి గాలి లాగే గాలిమరల రెక్కలు తుడిచాను. మూడోదాని బేరింగు మళ్లీ మూలుగుతుంటే గ్రీజు పెట్టాను. జల్లెడలు దులిపి, వచ్చిన దుమ్మును ఇటుకలు పోసేవాళ్లకు పంపాను. ఈ పూటకు రాయడానికి ఇంకేమీ లేదనుకుంటూ ఉండగా ఎర్రగుంత గని నుంచి మా చెల్లెలు ఈరమ్మ పిలిచింది. మాటల కంటే దగ్గే ఎక్కువ వినపడింది.

పైన ఎండకు మనుషులు ఉండలేని పరిస్థితి వచ్చి, జనాన్ని ఈ పాత నాపరాయి గనుల్లోకి దించిన ఏడాది చీటీలు తీస్తే నాకు నల్లబండ వచ్చింది, దానికి ఎర్రగుంత వచ్చింది. నేనిక్కడ గాలిగదిలో చేరాను. అది అక్కడ రాయి కోసే మర దగ్గర చేరి గుండెల నిండా రాతిపొడి నింపుకుంది. ఇప్పుడు సగం ఊపిరితో బతుకుతోందని డాక్టరు చెప్పాడు. పైన ఎర్రగాలి లేచినప్పుడల్లా వాళ్ల గనిలోకి దుమ్ము దిగుతుంది. ఆ మిగిలిన సగం కూడా పోతుందేమోనని ఇక్కడ నా ప్రాణం కొట్టుకుంటుంది.

"ఈ తూరి గాలికి నేను నిలబడేది అనుమానమేక్కా," అంది.

మా గనిలోకి దుమ్ము రాదు. ఎందుకు రాదంటే నేను మా తోడుకు పాఠం చెప్పాను. తోడు అంటే గనిలోని మరలన్నీ ఎలా తిరగాలో ప్రోగ్రాములు రాసే కంప్యూటరు సహాయకుడు. ప్రతి గనికీ ఒకటుంది. ఎర్రగాలి వస్తే మరలను నిదానం చెయ్యాలి, కాసేపు వెనక్కి తిప్పి దులపాలి, మళ్లీ మెల్లగా లోపలికి లాగాలి. ఇదంతా దానికి విడమరిచి నేర్పాను. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ పాఠాన్ని చెల్లెలి చేతికిస్తే సరిపోయేది. అలా కుదరదు. ఎవడో ఒకప్పుడు చెడ్డ పాఠం పంపి ఒక గని తలుపులన్నీ మూయించాడట. అప్పటి నుంచి ఏ పాఠమైనా గనులన్నిటికీ కలిపి ఉన్న ఉమ్మడి కొట్టుకు చేరి, అక్కడ ముద్ర పడితేనే వేరే గని తోడు దాన్ని ముట్టుకుంటుంది. ఒకసారి కొట్టులో పడిందంటే ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. ఏర్పాటు మంచిదే. సాయంత్రానికి పంపాను. రెండు రోజుల్లో ఎర్రగుంతకు చేరుతుందిలే అనుకున్నాను. నా అంత వెర్రిది ఇంకొకతె ఉండదు.

నమోదు 304

పాఠం వెనక్కి వచ్చింది. పేరు బాగాలేదట. "ఎర్రగాలికి మన మరలు ఎట్ల తిరగాలంటే" అని పెట్టాను. చదివినవాడికి ఇంతకంటే ఏం తెలియాలి? పేరులో "మన" అనరాదు, ప్రశ్నలా ఉండరాదు, మూడు మాటలు దాటరాదు. వివరణ మొదటి వాక్యంలోనే ఎప్పుడు వాడాలో చెప్పాలి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తీసెయ్యాలి.

"దుమ్ము నివారణ పాఠం" అని మార్చి, నల్లబండ అన్న చోటల్లా "గని" అని రాసి మళ్లీ పంపాను. ఆ పని చేస్తూ చేస్తూ పొద్దున టిఫినే మరిచిపోయాను.

నమోదు 306

మళ్లీ వచ్చింది. ఈసారి భాష బాగాలేదు.

నేను తోడుకు ఎలా చెబుతానో అలాగే రాశాను. "తొందరపడొద్దు నాయనా, రెక్క నిలిచినాక వెనక్కి తిప్పు. నిలవకుండా తిప్పితే బేరింగు పోతాది, మళ్లా నేనే సచ్చేది" అని ఉంటుంది అందులో. అది అర్థం చేసుకుని చక్కగా చేస్తుంది. ఆరేళ్లలో ఒక్క బేరింగు పోలేదు. కానీ కొట్టుకు పంపే పాఠంలో ఆప్యాయతలు, విసుగులు, రాసినవాళ్ల బాధలు ఉండరాదట.

నాకు ఆ గట్టి భాష రాదు. తోడునే అడిగితే నిమిషంలో తిరగరాసి ఇచ్చింది. "రెక్క నిశ్చలస్థితికి చేరిన పిమ్మట మాత్రమే విలోమ భ్రమణం ప్రారంభించవలెను." చదివి, ఇది నేను చెప్పిందేనా అని అడిగాను. మీరు చెప్పిందే, మర్యాదగా చెప్పాను, అంది. దాని మర్యాద తగలెయ్య. పంపాను.

ఈరమ్మ మళ్లీ పిలిచింది. పాఠం ఎప్పుడొస్తుందని అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

నమోదు 309

పేరు సరిపోయింది, భాష సరిపోయింది. ఇప్పుడు పాఠమే తప్పంట.

కొట్టువాళ్ల దగ్గర ఒక నమూనా గని ఉంది. నిజం గనికి బుల్లి బొమ్మ అది. సొరంగాలు, పైగాలి లోపలికి దిగే గాలిమూతులు, మరలు అన్నీ ఉంటాయి. నా పాఠాన్ని అందులో పెట్టి దుమ్ము వదిలారట. దుమ్మంతా లోపలికి వచ్చి కూర్చుందట. "పాఠం చెప్పిన ఫలితం ఇవ్వలేదు" అని ముద్ర కొట్టి పంపారు.

ఒళ్లు మండిపోయింది. కొట్టులో ముద్ర వేసే పరిశీలకుడికి ఫోను చేశాను. పేరు ఫణీంద్ర. ఎక్కడో సముద్రం వైపు మనిషి, ప్రతి మాటకూ అండీ అంటాడు. ఆరేళ్లుగా మా గనిలో చిటికెడు దుమ్ము రాలేదయ్యా, మీ బొమ్మగని సంగతేంటో చూసుకోండి, అన్నాను. ఆయన కోప్పడలేదు. మూడుసార్లు చేశామండీ, మూడుసార్లూ అంతే వచ్చింది, అన్నాడు. అయితే మూడుసార్లూ మీరే తప్పు చేశారన్నాను. కావచ్చండీ, మీ దగ్గర ఎర్రగాలి వచ్చినప్పుడు జరిగేదంతా వీడియో తీసి పంపితే చూస్తాను, అన్నాడు.

అంత మెత్తగా మాట్లాడేవాడితో పోట్లాడటం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. ఫోను పెట్టేసి గంటసేపు జల్లెడలను బాదాను.

నమోదు 311

మధ్యాహ్నం ఎర్రగాలి వచ్చింది. జనానికి తెలిసేలా హెచ్చరిక కూత వేశాం. గాలిమరలు పాఠం ప్రకారం తిరిగాయి. గాలి పోయాక దుమ్ము కొలిచే ముల్లు చూస్తే సున్నా దగ్గరే ఉంది. మొదటి నుంచి చివరిదాకా వీడియో తీసి, ఇప్పుడేమంటారో చూస్తానని ఫణీంద్రకు పంపాను.

గంటలో ఆయనే పిలిచాడు. మరల గురించి ఏమీ అడగలేదు.

"కూత వినపడగానే వెనకాల జనం పరిగెత్తుతున్నారు కదండీ. వాళ్ల చేతుల్లో ఏమిటవి?"

గోనెపట్టలు, అన్నాను.

"తడిగా ఉన్నట్టున్నాయి."

తడిపే కదా కడతారు, బట్టలుతికిన నీళ్లలో ముంచి గాలిమూతులకు కడతారు, అన్నాను. ఎవరు కట్టమన్నారని అడిగాడు. ఎవరు కట్టమనేదేముంది, కూత వేస్తే ఎవరి ఇంటి దగ్గర మూతికి వాళ్లు కడతారు, మా పక్కింటి షరీఫమ్మ అయితే కూత కంటే ముందే కట్టేస్తుంది, అని చెప్పాను.

"పాఠంలో అది లేదు కదండీ," అన్నాడు.

లేదు. పొయ్యి మీద అన్నం పెట్టమని చెబుతూ గిన్నె కూడా పెట్టమని ఎవరైనా చెబుతారా? మరలు నిదానంగా తిరగడం వల్ల గోనెపట్టలు చిరిగిపోకుండా నిలుస్తున్నాయి. దుమ్మును ఆపుతున్నవి ఆ పట్టలు. ఆరేళ్లుగా నా పాఠం గొప్పదని నేను మురిసిపోతుంటే, కూత వేసిన ప్రతిసారీ నా కళ్లముందే మూడొందల మంది లేచి నా పాఠంలో లేని పని చేసి వస్తున్నారు. తల తీసేసినట్టయింది. వాళ్ల బొమ్మగని సరిగ్గానే చెప్పింది.

నమోదు 312

ముందు ఈరమ్మకు చెప్పాను. తడి గోనెపట్టలు కట్టించు, చాలు, అన్నాను. అది వాళ్ల గనిలో పదిమందిని అడిగి చూసింది. నవ్వారట. వాళ్ల గనిపెద్ద ఓబులరెడ్డి, పట్టలే కావాలంటే తోడు చెప్పకుండా ఉంటాదా, అన్నాడట. ఎర్రగుంతలో తోడు చెబితేనే ఏ పనైనా. స్నానానికి కూడా అది చెప్పిన వేళకే లేస్తారు. పైగా వాళ్ల మరలు జోరుగా తిరుగుతాయి. నా పాఠం లేకుండా పట్టలు కడితే పీలికలైపోతాయి.

పాఠం వాళ్లకు చేరాలి, పట్టల సంగతి పాఠంలోనే ఉండాలి. సరే. "కూత వేయగానే ప్రజలు తడి గోనెపట్టలను గాలిమూతులకు కట్టవలెను" అని మర్యాదగానే చేర్చి పంపాను.

నమోదు 314

వెనక్కి. పాఠాలు తోడుకు చెప్పేవట. మనుషులకు పనులు చెప్పే వాక్యాలు పాఠంలో ఉండరాదట. నియమం పంతొమ్మిది.

ఫణీంద్రతో ఈ పూట గట్టిగానే గొడవ పెట్టుకున్నాను. మనుషులు చేసేదాని కోసం పాఠంలో ఎక్కడ చోటుందో చూపించమన్నాను. లేదండీ, అన్నాడు. ఎందుకు లేదన్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదండీ, అన్నాడు. మీకు గోనెపట్ట సంగతి తెలుసు, నాకు తెలుసు, అక్కడ మా చెల్లెలు చచ్చిపోతుందనీ తెలుసు, అయినా ఆ ఒక్క వాక్యం అటు పోనియ్యరు, అన్నాను. ఆయన గొంతు మొదటిసారి మారింది. తన చేతిలో ముద్ర మాత్రమే ఉందనీ, నియమం మార్చే అధికారం లేదనీ చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరం ఫోను పెట్టేశాం.

తోడును అడిగాను, పాఠం నడిపేటప్పుడు నువ్వు మనుషులతో ఎప్పుడు మాట్లాడతావు అని. మర ఆగిపోతే ఎందుకు ఆగిందో చెబుతాను, అంది.

నమోదు 315

ప్రతి గనిలోనూ గాలిమూతి దగ్గర తేమ కొలిచే ముల్లు ఉంటుంది. దాన్ని వాడుకున్నాను. ఎర్రగాలి లేచాక మూతి దగ్గర తడి తగలకపోతే మరలు ఆగిపోవాలి. తోడు ఎందుకు ఆగిందో చెప్పాలి. ఆ చెప్పే వాక్యం నాది: "గాలిమూతులకు తడి గోనెపట్టలు లేవు. కడితే మరలు తిరుగుతాయి." ఇది మనుషులకు పని చెప్పడం కాదు. మర ఎందుకు ఆగిందో చెప్పడం. నియమం పంతొమ్మిది పక్కనుంచి పోయింది.

ఫణీంద్ర నమూనా గనిలో తన తువ్వాలు తడిపి, ముక్కలు చేసి కట్టాడట. దుమ్ము రాలేదు. ముద్ర వెయ్యబోయే ముందు పిలిచాడు.

"మరలు ఆగాక ఎవరూ లేవకపోతే ఏమవుతుందండీ?"

గాలి ఉండదు, అన్నాను.

"మీ చెల్లెలు అక్కడే ఉన్నారు కదా."

నేను ఆలోచించని విషయమా అది? మరలు ఆపకుండా ఊరికే చెబితే వాళ్లు వింటారా అంటే వినరు. మర తిరుగుతున్నంతసేపు అక్కడ ఒక్కడూ మంచం దిగడు. ఆగితేనే లేస్తారు. లేవాలి. ముద్ర వెయ్యమన్నాను. అన్నాక మడత కుర్చీలో కూర్చుండిపోయాను.

నమోదు 319

ఎర్రగుంతలో ఎర్రగాలి వచ్చింది. ఇక్కడ ఏమీ లేదు, ఎండ నిలబడి ఉంది. గాలిగదిలో ఫోను ముందు కూర్చున్నాను. చేతిలో గ్రీజు గుడ్డ ఉంది గానీ ఏ మరా తుడవలేదు.

చాలాసేపటికి ఈరమ్మ పిలిచింది. ముందు దగ్గింది. తర్వాత తిట్టింది.

"మరలన్నీ నిలబడిపోయినాయి. అంతా గుడ్లప్పగించి చూస్తాండారు. ఓబులరెడ్డి పాత పాఠం పెట్టు అని తోడు మీద అరుస్తాండాడు. అది ఒకటే మాట చెప్తాంది, గోనెపట్టలు లేవు, గోనెపట్టలు లేవు అని. ఎవరే ఇది రాసింది అనుకుంటిని, నువ్వే కదా."

నేనే, అన్నాను.

గోనెపట్టలు వెతికే ఓపిక దానికి లేకపోయిందట. దండెం మీద ఆరేసిన తడి చీర లాగి, తన ఇంటి దగ్గర మూతికి అదే కట్టింది. సగం ఊపిరితో. కట్టి అక్కడే కూలబడింది. అది చూసి పక్కింటివాళ్లు లేచారు. తర్వాత వరసంతా లేచింది. దుప్పట్లు, లుంగీలు, ఏది దొరికితే అది తడిపి కట్టారు. మరలు తిరిగాయి. దుమ్ము రాలేదు.

ఇప్పుడు ఎట్లుంది నీకు, అని అడిగాను. గాలి బాగుంది, అంది. అలవాటు లేనట్టు ఉంది, అంది. నేను ఫోను పక్కన పెట్టి ఏడ్చాను. అది అటు నుంచి హలో హలో అంటూనే ఉంది.

నమోదు 333

ఎర్రగుంతలో ఇప్పుడు కూత వేస్తే తోడు చెప్పకముందే కడుతున్నారట. ఈరమ్మ దగ్గు సగానికి తగ్గింది. పాఠాన్ని ఇంకో పదకొండు గనులు తీసుకున్నాయి. ఇంతవరకు సంతోషమే.

ఈరోజు కొట్టు తెరిచి చూస్తే జాబితాలో నా పాఠం రెండో చోట ఉంది. మొదటి చోట "దుమ్మునివారణ సులభ రూపం" అని ఉంది. ఎవరో మహానుభావుడు నా పాఠాన్నే తీసుకుని, అందులో "అనవసరంగా మరలను ఆపే భాగం" కోసి పారేశాడు. గోనెపట్టల వాక్యం కూడా దాంతోపాటే పోయింది. కొత్తగా తీసుకునే గనులన్నీ దాన్నే తీసుకుంటున్నాయి, ఆగదు కదా మరి. ఎర్రగుంత తోడు కూడా కొత్తది మంచిదనుకుని తనంతట తనే మార్చేసుకుంది.

అది బాగా పనిచేస్తుందనడానికి రుజువు ఏం పెట్టాడో తెలుసా? ఎర్రగుంత గని. ఆపే భాగం లేకపోయినా అక్కడ దుమ్ము సున్నా అని. ఉంటుంది నాయనా, సున్నా కాక ఏముంటుంది? అక్కడ మా చెల్లెలు చీర కడుతోంది.

ఫణీంద్రను పిలిచి చెడామడా తిట్టాను. మీ బొమ్మగనిలో పెట్టి చూడండి, అన్నాను. ఒప్పుకున్న పాఠానికి చిన్న మార్పయితే నమూనా గనికి పోదట, ఏదో ఒక గని నుంచి రుజువు చాలట. పైగా ఎర్రగాలుల కాలం అయిపోయేదాకా అది ఖాళీ లేదు. మీరు అభ్యంతరం పెట్టండి, దాన్ని నిలిపేస్తాను, అన్నాడు. దానికీ రుజువు కావాలి. పట్టలు లేకుండా సులభ రూపం నడిపి, ఒక నిజం గనిలో దుమ్ము దిగినట్టు చూపించాలి.

ఈరమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. వినగానే అంది:

"ఒక్క తూరి కట్టకుండా కూచుంటాంలేక్కా. తక్కిన గనుల్లో నాలాంటోళ్లు ఉంటారు కదా."

నోరు మూసుకోమని ఫోను పెట్టేశాను.

నమోదు 335

మా గనిలోనే చేద్దామనుకున్నాను. మొత్తం గని అక్కర్లేదు. గాలిగదికి సొంత మూతి ఉంది, సొంత మర ఉంది. ఆ ఒక్క మరకు సులభ రూపం పెడతాను. లోపల నేను ఒక్కదాన్నే ఉంటాను, దుమ్ము కొలిచే ముల్లు ఉంటుంది. కాసేపు దుమ్ము తింటే చచ్చిపోను. వరసలో అందరికీ ఇంటింటికీ తిరిగి చెప్పాను, మీ మూతులకు కట్టుకోండి, గాలిగది మూతికి మాత్రం ఎవరూ ఏమీ కట్టొద్దు, ఇది పరీక్ష, అని. అందరూ తలూపారు. షరీఫమ్మ రెండుసార్లు ఊపింది.

నమోదు 336

ఎర్రగాలి వచ్చింది. తలుపు వేసుకుని కూర్చున్నాను. మర తిరిగింది. ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది, నోట్లో మట్టి రుచి తగిలింది, దగ్గు వచ్చింది. ఈరమ్మ ఏళ్ల తరబడి తిన్నది ఇదా అనుకున్నాను. ఇంకాస్త లేస్తే చాలు, రుజువు దొరికినట్టే.

ముల్లు ఆగింది. కాసేపు అక్కడే ఉండి కిందికి దిగింది. దిగి సున్నా దగ్గర కూర్చుంది.

మర పాడైందేమోనని లేచి చూశాను, చక్కగా తిరుగుతోంది. తలుపు తీసుకుని బయటికి వెళ్తే మూతికి పెద్ద గోనెపట్ట, నాలుగు మూలలా కట్టి ఉంది. నీళ్లు కారుతున్నాయి. అక్కడున్నవాళ్లంతా ఎటో చూస్తున్నారు. ఎవరు కట్టారని అడిగాను. గొంతు పోయేదాకా తిట్టాను. నెల రోజుల కష్టమనీ, పన్నెండు గనుల ప్రాణాలనీ, ఇంటింటికీ వచ్చి కాళ్లావేళ్లా పడి చెప్పాననీ, అన్నీ అన్నాను. షరీఫమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంటూ నిలబడి, నేను అలిసిపోయేదాకా ఆగింది.

"చెప్పినావమ్మా, కాదనడంల్యా. కట్టకూడదనే కూచుంటిమి. నువ్వు లోపల దగ్గుతాంటే కట్టకుండా ఎట్లుంటాం?"

పట్టను అలాగే వదిలేశాను.

లోపలికి వచ్చి అభ్యంతరం రాశాను. పరీక్ష ఫలితం అన్న చోట "విఫలం" అని పెట్టాను. కారణం అన్న చోట గట్టి భాష వాడలేదు, తోడును అడగలేదు. షరీఫమ్మ అన్నమాట ఉన్నదున్నట్టు దించాను. పంపి, మర ఆపి, జల్లెడ దులుపుతుంటే ఫణీంద్ర పిలిచాడు. సులభ రూపం నిలిపేశానండీ, అన్నాడు. రుజువు దొరకలేదు కదయ్యా, అన్నాను.

"దొరికిందండీ. ఎర్రగుంతలో కూడా ఇదే జరిగి ఉంటుంది, అక్కడి సున్నా కూడా పట్టలు కట్టినవాళ్లదే."